ముమ్మన విప్పిన ముడి

వర్షర్తువు వెడలి శరత్కాలము ప్రవేశించినది. కృష్ణవేణి బురదనీటి యెఱుపును విడిచి తేటపడి తన యడుగునఁ గల గులకరాళ్ళను దానే లెక్కించుకొనుచున్నట్లు మెల్లమెల్లగాఁ బాఱుచుండెను. ఒడ్డున ఱెల్లుపూవులు వెల్లవేసిన గోడలవలెఁ దెల్లనై గాలికి వంగుచు లేచుచు నుండెను. మేఘములు నీరు దించివేసి బరువు వదలిన కూలివాండ్రవలెఁ దేలికగా నాకసమునఁ దిరుగుచుండెను. ఏటికి దక్షిణపుటొడ్డున నల్లని కొండచఱియ నానుకొని వెలసిన మణికొండదుర్గమున మహానవమి యిఁక నెనిమిది దినము లున్నదనఁగానే యెల్లవారి ముంగిళ్ళు నలుకఁబడి ముగ్గులతో మెఱయుచుండెను. ఐనను ఆ యేఁట పురజనుల నోళ్ళయందుఁ బండుగమాట తక్కువయుఁ బందెపుమాట యెక్కువయు నై యుండెను.

ఆ కోట తూర్పువాకిటికి వెలుపల నొక సాముగరిడి కలదు. మజ్జిగయుఁ బసుపును నువ్వులనూనెయుఁ గలిపి తరతరములుగా మల్లుర పాదములచేతను వీఁపులచేతను మర్దింపఁబడిన యా గరిడిమన్ను వెన్నవలె మెత్తనై వాన వెలిసిన యుదయములయందుఁ గమ్మని వాసన గొట్టుచుండును. ఆ గోదా నడుమ నల్లయేనుఁగని పేరుపడిన గుండొకటి పడియుండును. పట్టుటకుఁ జెవియైనను గంటైనను లేని యా నున్నని ఱాతిని నలువురు కూడి దొరలించుటయే కష్టము. అట్టి దానిని ఒంటిగా మోఁకాలికి నెత్తి ఱొమ్మున కానించి భుజమున కెక్కించుకొని గోదాచుట్టును నడచుట యా గరిడియందుఁ గడపటి విద్య.

నలువదియేండ్లుగా నా గరిడికి నొజ్జయై యున్న తిప్పన్నకుఁ గన్నులు మసకలు గ్రమ్మినవి. శిష్యుని పట్టు సరియో కాదో కంటితోఁ గాక యడుగుల చప్పుడుతోఁ దెలిసికొను దశ వచ్చినది. కావున నాతఁ డా మహానవమికి నొజ్జఱికమును వేఱొకనికి నప్పగింప నిశ్చయించెను. అచట నొజ్జఱికము తండ్రినుండి కొడుకునకు వచ్చునది కాదు. శిష్యులలో మేటులగు నిద్దఱు గుండెత్తుదురు. ఎవ్వఁ డెక్కువ చుట్లు నడచునో వాఁ డొజ్జ. ఒక గోదాలో నిద్దఱు సమానులున్నఁ జిన్నవారి మనస్సులు రెండుగాఁ జీలునని పెద్దల తలంపు గాన నోడినవాఁడు మఱునాఁ డుదయమున నా గోదామన్ను పిడికెఁడు మూటగట్టుకొని యూరు విడిచి వేఱొకచోట గరిడి నెలకొల్పవలయును. ఆ విధముగా నా నదీతీరమునఁ బదునొకండు గరిడులు వెలసెను. అన్నియు నోడినవారు నెలకొల్పినవే.

మఱియొక కట్టడియుఁ గలదు. అంతటి బరువెత్తువాని నడుము నిలుచుట దట్టిమీఁద నాధారపడి యుండును. పదునాలుగు మూరల ముతకబట్టను నడుమున కేడు చుట్లు బిగించి ముడివేయవలయును. ముడి యించుక జాఱెనా ప్రేగులు జాఱి మనుష్యుఁడు బ్రదికినంతకాలము మంచముపాలగును. అట్టి దట్టిని పందెమునాఁ డెవ్వఁడును దనకుఁ దాను గట్టుకొనరాదు. ఎదిరి కట్టవలయును. ఎదిరి కట్టిన ముడిని విప్పినవాఁడు గుండు విడిచినవాఁడే. ఈ కట్టడి చేసిన తొలియొజ్జ యెవ్వఁడో యేమి తలంచి చేసెనో చెప్పువారు లేరు.

ఆ యేఁటి మేటు లిద్దఱు ముమ్మనయు గన్నయయు.

ముమ్మన యెనిమిదవయేట గరిడిలో నడుగిడి ముప్పదిరెండేండ్లవాఁ డయ్యెను. గన్నయ పడవ నడుపువాని కొడుకు. తెడ్డు వేసి వేసి కాయలు గాచిన చేతులతో నాఱేండ్ల క్రిందట వచ్చి గోదాయంచున నిలిచినప్పుడు వానికిఁ దొలిపట్టు నేర్పినవాఁడు ముమ్మనయే. "గుండుతోఁ బోట్లాడకురా, బిడ్డను గౌఁగిలించినట్లు గౌఁగిలింపుము" అని వాని చేతులను దనచేతులతోఁ బట్టి ఱాతిచుట్టు నమర్చినవాఁ డతఁడే. నాలుగేండ్లు గడచునప్పటికి నా శిష్యప్రాయుఁడు సమానుఁ డయ్యెను. అప్పు డొజ్జ యొకనాఁడు వేపపుల్ల నమలుచు యథాలాపముగా "ముమ్మన బలవంతుఁడు. గన్నయ కుదురైనవాఁడు" అనెను. చెప్పినవాఁ డా మాటను పుల్లతోపాటుగానే పాఱవైచెను. విన్న ముమ్మన మాత్ర మింటికిఁ గొనిపోయెను.

అసూయ యొక్కసారిగా మండునది కాదు. పచ్చికట్టెవలె మొదటఁ బొగయుచుఁ గన్నులు మండించుచు నెంతకో గాని నిప్పు గాదు. నిప్పైన పిమ్మట నార్పువాఁడును గట్టెవేయువాఁడును దానే. ముమ్మన కోడికూయకమున్న లేచి గన్నయ యింటి కంచెప్రక్కగా నడచి లోపల దీపము వెలుఁగుచున్నదేమో చూచి వచ్చుచుండెను. గన్నయ మున్నూఱు దండెములు తీసెనని విన్నదినమునఁ దాను మున్నూటపది తీయును. గన్నయ బెల్లము మానెనని తెలిసినఁ దాను దేనెయు మానును. గన్నయ గుంజిళ్ళు తీయునప్పుడు పదమూఁడింట నొకసారి యూపిరి విడుచునని కనిపెట్టి పదునాల్గింటికిఁ గాని తానూపిరి విడువకుండ నభ్యసించెను. చూచిన వారందఱు నాతని నిగ్రహమునకు వెఱఁగుపడుచుండిరి. నాలుకను గట్టెను నిదురను గట్టెను గోపమునుఁ గట్టెను. కట్టక విడిచినది చూపొక్కటియే. అది కంచె దాఁటి పోవుచునే యుండెను.

భార్య పోలమ యొకనాఁడు దంతధావనము చేయుచున్న మగనిని జూచి నడుమున జేయుంచుకొని "ఏమయ్యా, ఆ వేపపుల్ల గన్నయ నమిలినదానికంటె జానెఁడు పొడవుండవలయునా యేమి? నోటిలోనుండి వీఁపులోనికి వచ్చునట్లున్నది" అనెను.

"నీకు గరిడి సంగతులేల?"

"నాకు వలదు. నీ సగము భోజనము వాని పేరనే మిగిలిపోవుచున్నది. వాని నింటికిఁ బిలిచి వడ్డించినఁ బుణ్యమైన వచ్చును."

ముమ్మన నోరు పుక్కిలించి గరిడికి నడచెను.

ఆ యేఁడు జ్యేష్ఠమాసమున గన్నయకు జ్వరము దగిలి నలువదిదినములు మంచము పట్టెను. మూఁడుదినములు ముమ్మన మనస్సు పండుగచేసికొనెను. నాలవనాఁడు తెల్లవాఱినను లేవ బుద్ధిపుట్టదయ్యెను. నూఱు దండెములకే భుజములు దిగజాఱెను. గుండు మోఁకాలు దాఁటి రాదయ్యెను. కంచెలోపల దీపము లేని యింటిప్రక్కగా నడచి వచ్చునప్పుడు తన కాళ్ళు తనవి గానట్లు తోఁచెను. పదియవనాఁడు భార్యను బిలిచి యెటో చూచుచు "ఆ గన్నయకు మిరియాలకషాయము కాఁచి యిచ్చి రమ్ము" అనెను.

"అమ్మయ్యో! వానిమీఁద నింత ప్రేమ యెప్పుడు పుట్టినది?"

"ప్రేమయు లేదు దోమయు లేదు. వాఁడు లేవకున్న నాకు గుండు లేవకున్నది."

పోలమ నవ్వి నవ్వి కన్నులు దుడుచుకొని కషాయపుముంత గొని వెడలెను. గన్నయ లేచెను. లేచిన మఱునాఁడే ముమ్మన మఱల మున్నూటపది తీసెను.

ఇదంతయు నొజ్జ కనక కనిపెట్టియే యుండెను. ఒకనాఁ డందఱును వెడలినపిమ్మట "నాయనా, గన్నయ గుండును జూచును. నీవు గన్నయను జూతువు" అనెను.

"వానికంటె నేను దక్కువ యెత్తుట లేదు గదా!"

"లేదు. కాని వాఁ డొక బరువు మోయుచున్నాఁడు. నీవు రెండు మోయుచున్నావు."

ముమ్మన యా మాటను మెప్పుగాఁ దీసికొనెను.

ఇంకొక సంగతియుఁ జెప్పవలసియున్నది. మూఁడేండ్ల క్రిందట దూలము మోయుచు మెట్టుమీఁదఁ గాలు జాఱి ముమ్మన యెడమనడుము పట్టుకొనిపోయినది. ఆనాఁ డతనిని వీఁపునఁ బెట్టుకొని యింటికిఁ జేర్చినవాఁడు గన్నయయే. ఆ నొప్పి వానలు వెనుకపట్టిన దినములలో నిప్పటికిని దిరుగఁబెట్టునను మాట పోలమకును గన్నయకును దక్క నొరుల కెఱుక లేదు. తన లోప మెదిరి యెఱిఁగియుండుటయు ముమ్మనకు మఱియొక ముల్లయ్యెను.

మహానవమినాఁటి యపరాహ్ణమున రాజుగారు చప్పరముక్రిందఁ గొలువుండఁగా దప్పెటలు మ్రోయఁగాఁ గోటగోడలమీఁదను నిండ్లకప్పులమీఁదను జనులు పిట్టలవలెఁ గ్రిక్కిఱిసి కూర్చుండిరి. జాలరి యొకఁడు పైనుండి "ఓరి గన్నయా! గుండు లేవకున్న నీ పడవలోఁ బెట్టుకొని యేఱు దాఁటింపుము" అని కేక వైచెను. గన్నయ తలయెత్తి "పడవ మునిఁగిన నీవు క్రొత్తది చెక్కించి యిత్తువా మామా?" అనెను. అందఱును నవ్విరి. ఇంత పందెమునకు ముందు వీఁ డెట్లు పరిహాసము లాడఁగలుగుచున్నాఁడని ముమ్మన యా నవ్వునకు నసూయపడెను.

వయస్సునఁ బెద్దవాఁడు ముందుగా నెదిరికి దట్టి గట్టుట యాచారము. గన్నయ చేతులు పైకెత్తి గుండువంకఁ జూచుచు నిలిచెను. ముమ్మన మొదటిచుట్టు వైచెను. రెండవది వైచెను. ఆఱు చుట్లును సరిగనే వచ్చెను. ఏడవచుట్టు ముగించి కొనలు రెండును జేతఁ బట్టినప్పు డాతని వ్రేళ్ళకు జాఱుముడి జ్ఞప్తికి వచ్చెను. చూచువారి కది కట్టుముడియే. గుండు భుజమున కెక్కువఱకు నది కదలదు. మూఁడవయడుగున విడును. మూఁడడుగులు. ఒక కేక. ఆ పిమ్మట నూరు విడువ నక్కఱలేదు. పోలమ తన పొయ్యిని దన తులసికోటను విడువ నక్కఱలేదు. కుదురైనవాఁడను మాట యిఁక నెన్నఁడును వినఁబడదు. వ్రేళ్ళు తమంతఁ దామే కొన మడిచెను.

"అన్నా, చక్కిలిగింత పెట్టకుము. నవ్విన బలము పోవును" అని గన్నయ క్రిందికైనను జూడక పలికెను.

ముమ్మన చేతులు నిలిచిపోయెను. కంచెవెనుక దీపము లేని యిల్లు కన్నులఁ గట్టెను. ఆ యిల్లు శాశ్వతముగాఁ జీఁకటియైనచోఁ దన యుదయములు దేనివైపు నడుచునని యొక భయము పుట్టెను. అది ధర్మభయమో స్వార్థభయమో యాతనికిఁ దెలియదు. మడిచిన కొనను విడదీసి పాదమును గన్నయ తుంటి కానించి రెండుచేతుల బలముతో లాగి కట్టుముడి వైచెను. గుండెత్తకమున్నే యాతని యొడలు చెమటతోఁ దడిసిపోయెను. తన జీవితమునఁ దా నెత్తిన యన్నిబరువులకంటె నదియే పెద్దదని యాతఁ డెఱుఁగును. కాని దాని నెవ్వరును జూడలేదు. దప్పెట మ్రోయలేదు.

పిమ్మట గన్నయ ముమ్మనకు దట్టి గట్ట నారంభించెను. ఆతఁ డాలస్యము చేసెను. వెనుకకుఁ బోయెను. ఏదియో చింపిన చప్పుడయ్యెను. "కదలకు మన్నా" అని మెల్లగా ననెను. ఆఱవచుట్టున నెడమప్రక్క నేదియో మందముగా నడుమున కొత్తుకొనెను. అది మంచికట్టున నుండవలసినది కాదు. ముమ్మనకు ననుమానము పుట్టెను. తనకుఁ దోఁచినది వానికిఁ దోఁపకుండునా? తాను మానుకొనెను సరియే. వాఁడును మానుకొనునని యేమి నమ్మకము? నా నొప్పి యెచట నున్నదో యెఱిఁగినవాఁడు గదా!

ముమ్మన గుండు కడకు నడచి వంగి దానిని గౌఁగిలించెను. మొదటి యూపిరికిఁ బ్రక్కనున్న మందము గదిలినట్లు తోఁచెను. రెండవ యూపిరికి ముడి వదులైనట్లు తోఁచెను. మూఁడవ యూపిరికి ఱాతిమీఁదినుండి చేతులు దీసి నిటారుగా నిలిచి చప్పరమువంకఁ గాని యొజ్జవంకఁ గాని చూడక దట్టి విప్పసాగెను.

కోటగోడలమీఁద నొక్క హాహాకారము లేచెను. "ఏమైనది? అడుగుల చప్పుడు లేదేమి?" అని తిప్పన్న యడిగెను. ప్రక్కవాఁడు "ముమ్మన ముడి విప్పుచున్నాఁడు ఒజ్జా" అనెను. తిప్పన్న కన్నులు మూసికొనెను.

ముడి రాలేదు. అది కట్టుముడి. దానిమీఁద మఱియొక కట్టుముడి. గోళ్ళు నొవ్వ లాగవలసివచ్చెను. సగము వచ్చునప్పటికే ముమ్మనకు సత్యము తెలిసిపోయెను. తెలిసినను జేతులు నిలువలేదు. ఆఱవచుట్టు విడునప్పటికి లోపలినుండి మడత యొకటి మన్నులోఁ బడెను. గన్నయ తన యుత్తరీయపుఁ గొనను జించి దానిలోఁ గాఁచిన నూనె రాచిన యాముదపుటాకును బెట్టి నొప్పియున్నచోటికి సరిగా నమర్చిన మెత్త యది. ఆకు వెచ్చదనమింకను బోలేదు.

"అన్నా! ఎంతపని చేసితివి!" అని గన్నయ పరుగెత్తివచ్చెను. "వానలు నిన్నమొన్నటివఱకుఁ గురిసినవి గదా, దట్టి యొరసి నొప్పి పెట్టునేమోయని యింటినుండి యాకు తెచ్చితిని."

"చెప్పవైతివేమిరా?"

"పదిమందిలో నీ నొప్పిమాట యెట్లు చెప్పుదును? నీ యెదిరిని నేనే గదా!"

ఒజ్జ కఱ్ఱ యూఁతగా లేచి "ముడి విప్పినవాఁడు గుండు విడిచినవాఁడు" అని మూఁడుమాఱులు పలికెను. గన్నయ యాతని పాదములమీఁదఁ బడి "అన్న నూర నుండనిండు. ఈ కట్టడి యీ యొక్కమాటు సడలింపుఁడు" అని వేఁడెను. "ఒకని కొఱకు సడలించిన ముడి రేపు మఱియొకని నడుమున జాఱునురా" అని ముదుసలి కన్నీరు దుడుచుకొనెను.

గన్నయ గుండెత్తెను. నల్లయేనుఁగు వాని మోఁకాలికి లేచెను ఱొమ్మున కెక్కెను భుజమున గూర్చుండెను. వాఁడు నడచెను. ముమ్మన గోదాయంచున నిలిచి వాని ముఖమును గాక నడుమును జూచుచుండెను. తన చేతిముడి యచట నుండెను. అడుగడుగునకును బిగియుచుండెనే గాని కదలదయ్యెను. అప్పుడును ముమ్మన హృదయమున నసూయ చావలేదు. వాని బలమునకు నసూయ. వాని కుదురునకు నసూయ. చించిన యుత్తరీయపుఁ గొన గాలికి వ్రేలాడుచుండఁగా వాని మంచితనమునకును నసూయ. పెదవులు మాత్రము తమంతఁ దామే లెక్కించుచుండెను. ఐదు. ఆఱు. ఏడు. ఏడవచుట్టుతో గుండు నేలకు దిగెను.

మఱునాఁ డుదయమున మంచు నీటిమీఁదఁ దేలుచుండఁగా ముమ్మన గోదామన్ను పిడికెఁడు గుడ్డలోఁ గట్టుకొని రేవునకు వచ్చెను. పోలమ నెత్తిన మూట పెట్టుకొని వెనుక నడచెను. తులసికోట నంటి వచ్చినదేమో యామె వ్రేళ్ళకుఁ బసుపు మెఱయుచుండెను. పడవకడ గన్నయ తెడ్డు పట్టుకొని నిలిచియుండెను. నిన్న నొజ్జయైనవాఁ డానాఁడు మఱలఁ బడవవాఁ డయ్యెను. తెడ్డు వైచి వారి నేఱు దాఁటించెను. విడిపోవుట యెంత వయస్సు వచ్చినను నెవ్వరికిని బట్టుబడు విద్య గాదు. దానికి గరిడి లేదు.

ఆవలియొడ్డున దిగి పోలమ మగని చేతనున్న చిన్నమూటను జూచి "పిడికెఁడే తెచ్చితివా? గన్నయ యైన దోసెఁడు తెచ్చియుండును" అని నవ్వఁబోయి ముఖము ద్రిప్పుకొనెను.

గన్నయ దట్టి చేతఁబట్టి ముందుకు వచ్చెను. "దూరపునడక. కట్టి పంపుదును నిలువు మన్నా." ముమ్మన చేతులెత్తి నిలిచెను. ఏడు చుట్లయ్యెను. ముడి పడెను. ఎడమప్రక్క వెచ్చగా నాకు తగిలెను.

"నీవు నడచినది యేడు" అని ముమ్మన పలికెను. "నేనైన నెనిమిది నడచియుందును."

"నడచియుందు వన్నా. పదిదినములుగా నాకు నిదురలేదు. ఉదయమున మా కంచెప్రక్క నీ యడుగులు వినఁబడువఱకుఁ గన్ను మూయువాఁడను గాను."

ముమ్మన వానిముఖమును మొట్టమొదటిసారి చూచినట్లు చూచెను. వెనుదిరిగి నడచెను. పడవ నడుమ నేటికి వచ్చినపిమ్మటఁ గాని వెనుకకుఁ జూడలేదు. ఆ సాయంకాలము స్నానమునకు దిగి ముడిమీఁదఁ జేయివైచి చాలసేపు నిలిచి విప్పనొల్లక దట్టితోనే మునిఁగెను.

ఎగువరేవుగ్రామమునఁ బండ్రెండవ గరిడి వెలసెను. అచటను గుండొకటి దొరకెను. ఏటేట మహానవమి గడచిన పిమ్మట దిగువనుండి వచ్చు పడవవాండ్రను ముమ్మన "గన్నయయొజ్జ యెన్ని చుట్లు నడచెను?" అని యడుగుచుండెను. తొమ్మిదియన్న మఱునాఁడుదయము శిష్యులు రాకమున్నే తాను బది నడచును. వెండ్రుకలు నెరసిన పిమ్మట వా రైదన్నఁ దా నాఱు నడచును. పోలమ మునుపటివలె వెక్కిరించుచుండెను. మిరియాల కషాయము మాత్ర మిపు డాతనికే కాఁచుచుండెను.

ఇరువదియేండ్లకుఁ బిమ్మట నొక శరత్తునఁ బడవవాఁడు "గన్నయయొజ్జ యీ యేఁ డెత్తలేదు. శిష్యులచేత నెత్తించి గోదాయంచునఁ గూర్చుండెను" అనెను. ముమ్మన మఱునాఁ డుదయమున గుండు కడకుఁ బోయి దానిని గౌఁగిలించి యెత్తక దానిమీఁదనే కూర్చుండెను. శిష్యులు వచ్చి "ఒజ్జా, ఎత్తరా?" అని యడిగిరి. "ఎవ్వని కంటె నెక్కువ యెత్తుదునురా?" అని యాతఁడు నవ్వెను.

శిష్యులలో నిద్దఱు కొంతకాలముగా నొకరిదండెముల నొకరు దొంగచూపులతో లెక్కించుకొనుచుండిరి. ముమ్మన వారి నెఱుఁగును. ఆ చూపును మఱింత యెఱుఁగును. వారిని బిలిచి చెఱియొక దట్టి చేతికిచ్చి "ఒకనికొకఁడు గట్టుఁడు" అనెను. వారు మూతులు ముడుచుకొని కట్టిరి. కట్టుట ముగిసినంతఁ జిన్నవాఁడు తన నడుమువంక ననుమానముగాఁ జూచుకొని "ఒజ్జా, ముడి బిగువు మీరు పరీక్షింపరా?" అని యడిగెను.

"పరీక్షించుటకుఁ జేతులు నాకును గలవు" అని ముమ్మన పలికెను. "ఒకమాఱు పరీక్షించితిని. చాలును. నీవు గుండును జూడుము."

ఎండ యేటిమీఁదఁ బడెను. ఎదిరి చేతిముడి నడుమునఁ గట్టుకొని యా చిన్నవాఁడు వంగి ఱాతిని గౌఁగిలించెను. ముమ్మన కన్నులు మూసికొని తన దట్టి మడతలో నానాఁటినుండి దాఁచియుంచఁగా నెండి పొడియైన యాకు నెడమచేత నదిమి పట్టుకొని యడుగుల చప్పుడుకొఱకుఁ జెవి యొగ్గెను.